సంతకం పెట్టండి, కానీ నాలుగో పేజీ మారాక

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. జైలు నుంచి విడుదలైనవాళ్లకు సాయం చేసే ఒక చిన్న సంస్థకు నేను కార్యదర్శిని. తొమ్మిదేళ్లుగా చందాల మీదే నడుస్తున్నాం. జీతానికి పనిచేసేవాళ్లు ఇద్దరు, వాలంటీర్లు పదిహేను మంది, ఆరు మంచాలున్న ఒక అద్దె ఇల్లు, అంతే మా సంస్థ. ఇప్పుడు ప్రభుత్వం మూడేళ్ల కాంట్రాక్టు ఇస్తానంటోంది. అంత డబ్బు మేమెప్పుడూ చూడలేదు. అయితే అందులో సగమే విడతలుగా ముందు ఇస్తారట. మిగతా సగం, మా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎంతమందికి ఆరు నెలల్లో ఉద్యోగం దొరికింది, ఎంతమంది ఏడాదిపాటు ఏ కేసులోనూ ఇరుక్కోలేదు అన్నది చూసి ఇస్తారట. సంస్థ పెట్టిన పెద్దాయన ఒకప్పుడు తానూ శిక్ష అనుభవించి వచ్చినవారే. "ఆ డబ్బు ముట్టుకుంటే మనం మనం కాము" అంటున్నారు. కుర్రవాళ్లేమో ఇంత అవకాశం మళ్లీ రాదంటున్నారు. మధ్యలో నాకు నిద్ర పట్టడం లేదు. అద్దె రెండు నెలలు బాకీ ఉంది, ఇంటి ఓనరు ఖాళీ చేయమంటున్నాడు. ఇవి చాలవన్నట్టు, "దొంగలకు ప్రజల డబ్బా?" అని మా బావగారు ఇంటికొచ్చినప్పుడల్లా దెప్పుతున్నారు. ఏం చేయమంటారు? కాంట్రాక్టు కాగితాల కాపీ జత చేస్తున్నాను.
— ఒక కార్యదర్శి

జవాబు: డబ్బు తీసుకోండమ్మా. అయితే మీరు పంపిన కాగితాల్లో నాలుగో పేజీ, అంటే ఏం చూసి డబ్బిస్తారో రాసిన పేజీ, మారితేనే సంతకం పెట్టండి. మారకపోతే ఇంకో ఏడాది చందాలతోనే కష్టపడండి. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

నేను ఇలాంటి ఒక సంస్థలో పదకొండేళ్లు లెక్కలు రాశాను. మాకూ ఒక కాంట్రాక్టు ఉండేది. మూడు నెలలకోసారి ఒక ఫారం నింపి పంపాలి. పేరు ఎదురుగా రెండు గడులు. ఒకటి ఉద్యోగం, రెండోది సొంతంగా ఉండే చోటు. దొరికితే 1, లేకపోతే 0.

మా దగ్గర ఒకాయన ఉండేవారు. పధ్నాలుగేళ్లు లోపల ఉండి వచ్చారు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో అరెస్టయిన రోజు వేసుకున్న చొక్కా, ఎప్పుడో చచ్చిపోయిన ఫోను. చొక్కా ఒంటికి పట్టలేదు. గుర్తింపు కార్డు కోసం వెళితే పుట్టిన సంవత్సరం ఒక కాగితంలో ఒకటి, ఇంకో కాగితంలో ఇంకొకటి. సరిచేయాలంటే బడి రికార్డు తెమ్మన్నారు. ఆ బడి ఎప్పుడో మూతబడింది. దాని రికార్డులు ఏ ఆఫీసుకు చేరాయో తెలుసుకోవడానికే మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. కార్డు లేదు కాబట్టి బ్యాంకు ఖాతా లేదు. ఖాతా లేదు కాబట్టి జీతం వేయలేమని పనిస్తామన్నవాళ్లు వెనక్కి పంపేశారు. మా వాలంటీరు ఒకామె ఆయన వెంట మొత్తం ఎనిమిదిసార్లు ఆఫీసుల చుట్టూ తిరిగింది. మూడు నెలలు నిండే సమయానికి కార్డు చేతికొచ్చింది. ఆ రాత్రి ఆయన దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నారు. మర్నాడు ఫారంలో ఆయన పేరు ఎదురుగా నేను రెండు సున్నాలు వేశాను.

అదే సమయంలో పక్క మంచం మీద ఒక కుర్రాడు ఉండేవాడు. లోపల ఉన్నది మూడు నెలలే. వాళ్ల మేనమామకు వర్క్‌షాపు ఉంది. నాలుగో రోజునే పనిలో చేరి, మేనమామ ఇంటికే మకాం మార్చాడు. మేము చేసిందల్లా బస్సెక్కించడం. అతనికి రెండు ఒకట్లు.

మరుసటి ఏడాది కొత్తవాళ్లను చేర్చుకునేటప్పుడు, ఎవరూ పైకి అనకపోయినా, మేనమామ ఉన్న కుర్రాళ్ల కోసమే వెతకడం మొదలైంది. ఆ వెతికినవాళ్లలో నేనూ ఉన్నాను. మీ పెద్దాయన అంటున్న "మనం మనం కాము" అంటే ఇదే. ఆయన భయం ఉత్తిది కాదు. కానీ మమ్మల్ని చెడగొట్టింది సర్కారు డబ్బు కాదమ్మా, ఆ రెండు గడులు. చందా ఇచ్చే దాత అవే రెండు గడులు పెట్టినా మేము అలాగే తయారయ్యేవాళ్లం.

ఫలితం చూసి డబ్బివ్వడం అసలే తప్పా అంటే, అలా అనలేను. బాగా రాసుకున్న ఒప్పందం ఒకటి చెబుతాను. 2010లో ఇంగ్లండ్‌లోని పీటర్‌బరో జైలు దగ్గర ప్రపంచంలోనే మొదటి సోషల్ ఇంపాక్ట్ బాండ్ మొదలైంది. ఏడాది కన్నా తక్కువ శిక్ష పడ్డ మగవాళ్ల కోసం అది. అలాంటివాళ్లకు బయటికొచ్చాక అప్పట్లో కనిపెట్టుకుని ఉండే ప్రొబేషన్ అధికారి కూడా ఉండేవాడు కాదు, గేటు దాటితే ఎవరి దారి వాళ్లదే. ప్రైవేటు పెట్టుబడిదారులు దాదాపు 50 లక్షల పౌండ్లు పెట్టారు. మళ్లీ శిక్షలు పడటం తగ్గితే ఆ డబ్బు లాభంతో కలిపి తిరిగొస్తుంది, తగ్గకపోతే పోతుంది. మీకు పనికొచ్చేది వాళ్లు లెక్కపెట్టిన తీరు. ఆ జైలు నుంచి బయటికొచ్చిన అర్హులందరినీ లెక్కలో వేశారు, మీ సాయం మాకొద్దని మొహం తిప్పుకుని వెళ్లిపోయినవాళ్లతో సహా. ఇక తేలిక మనుషుల్ని ఏరుకోవడానికి దారే లేదు. రెండోది, మళ్లీ పట్టుబడ్డాడా లేదా అని అడగలేదు, ఏడాదిలో ఎన్నిసార్లు శిక్ష పడిందని అడిగారు. ఏడాదికి ఆరుసార్లు దొరికిపోయే మనిషి రెండుసార్లకు దిగితే మీ ఫారంలో అది ఓటమి. పీటర్‌బరోలో అది ఫలితం. తాగుడో డ్రగ్సో మానుకుంటున్న మనిషిని దగ్గరగా చూసినవాళ్లెవరికైనా ఆ తేడా తెలుస్తుంది.

వెయ్యిమంది చొప్పున రెండు బృందాలను, దేశంలోని అలాంటి ఇతర ఖైదీలతో పోల్చి చూశారు. మొదటి బృందంలో శిక్షలు 8.4 శాతం, రెండోదాంట్లో 9.7 శాతం తగ్గాయి. కలిపి 7.5 శాతం తగ్గితే చాలనుకున్నారు, 9 శాతం తగ్గింది. 2017లో పెట్టుబడిదారుల డబ్బు వాళ్లకు తిరిగొచ్చింది. తొమ్మిది శాతమేనా అనుకోకండి. ఈ పనిలో మంత్రాలేవీ లేవు, ఇంత రావడమే గొప్ప.

వెయ్యిమంది అన్నాను చూశారా, అక్కడ ఆగండి. మీ ఇంటికి ఏడాదికి మహా అయితే నలభై మంది వస్తారేమో. వాళ్లలో ఇద్దరు అటో ఇటో అయితే మీ శాతం ఐదు పాయింట్లు కదులుతుంది. అది మీ పనితనమో, ఆ ఏడాది అదృష్టమో ఏ లెక్కల మాస్టారూ తేల్చలేడు. అలాంటి అంకె మీద మీ సగం ఆదాయం ఆధారపడితే, మీరు సంస్థ నడపడం లేదు, లాటరీ టికెట్ కొంటున్నారు. అధికారుల ముందు మీరు గట్టిగా చెప్పాల్సిన మొదటి మాట ఇదే. పైగా ఏడాది తర్వాత ఎవరి మీద ఏ కేసుందో మీకెలా తెలుస్తుంది? మీ వాలంటీర్లు ఇంటింటికీ వెళ్లి ఆరా తీస్తారా? ఆ సమాచారం ప్రభుత్వం దగ్గరే ఉంటుంది. బ్రిటన్ న్యాయశాఖ 2013లో జస్టిస్ డేటా ల్యాబ్ అని ఒకటి పెట్టింది. సంస్థలు తాము సాయపడినవాళ్ల వివరాలు పంపితే, అలాంటి మరికొందరితో పోల్చి ఫలితాన్ని మొత్తంగా చెబుతుంది, ఫలానా మనిషి ఏమయ్యాడన్నది మాత్రం బయటపెట్టదు. లెక్క తేల్చే పని అడిగేవాళ్లదే కావాలి.

అదే దేశం అదే సమయంలో చేసిన తప్పు కూడా చెప్పాలి. 2014లో ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రొబేషన్ సేవలను రెండుగా చీల్చి, తక్కువ, మధ్యస్థ ప్రమాదం ఉన్నవాళ్లను 21 కంపెనీలకు అప్పగించే పని మొదలుపెట్టారు. అక్కడా చెల్లింపులో కొంత భాగం ఫలితాలకే ముడిపెట్టారు. అనుకున్నన్ని కేసులు రాలేదు, ఆదాయం పడిపోయింది, కంపెనీలు ఖర్చు తగ్గించుకున్నాయి. ఆరు వారాలకోసారి ఒక ఫోన్ కాల్ చేసి దాన్నే పర్యవేక్షణ అంటున్నారని 2017లో తనిఖీ విభాగం తప్పుపట్టింది. స్వచ్ఛంద సంస్థలకు పెద్దపీట వేస్తామన్న మాట కూడా నీటిమూటే అయింది, 2018లో పార్లమెంటు న్యాయ కమిటీ దాని మీద నిరాశే వ్యక్తం చేసింది. 2021 జూన్‌లో మొత్తం తిరిగి ప్రభుత్వం చేతికొచ్చింది. ఇందులో మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. మీ కాంట్రాక్టు నేరుగా ప్రభుత్వంతోనా, మధ్యలో పెద్ద కంపెనీ ఏదైనా ఉందా? మీ కాగితాల్లో రెండో పేజీ చివర "ప్రధాన కాంట్రాక్టరు" అన్న మాట ఒకచోట కనబడింది. ఆ మనిషెవరో అడగండి. నష్టం వస్తే పైనుంచి కిందికి జారుకుంటూ వస్తుంది, అందరికన్నా కింద ఉండేది మీరు.

నష్టం ఎవరు మోయాలన్నది న్యూయార్క్ చక్కగా రాసుకుంది. అక్కడి రైకర్స్ ఐలండ్ జైల్లోని టీనేజీ కుర్రాళ్ల కోసం 2012లో ఒక కార్యక్రమానికి గోల్డ్‌మన్ శాక్స్ అనే బ్యాంకు 96 లక్షల డాలర్ల అప్పు ఇచ్చేందుకు ఒప్పుకుంది. 2015లో స్వతంత్రంగా లెక్కతీస్తే, కుర్రాళ్లు మళ్లీ జైలుకు రావడం ఏమీ తగ్గలేదని తేలింది. కార్యక్రమం ఆపేశారు. నగరం ఆ అప్పు తీర్చాల్సిన పని లేకపోయింది. దెబ్బ బ్యాంకుకూ, ఆ అప్పుకు హామీగా నిలిచిన దాతృత్వ సంస్థకూ తగిలింది. రోజూ ఆ పిల్లలతో కూర్చున్నవాళ్ల జీతాలు ఆ లెక్క కోసం ఆగలేదు. మీ కాంట్రాక్టులో బ్యాంకు లేదు, హామీదారు లేడు. ఫలితం రాకపోతే నష్టపోయేది ఆరు మంచాల ఇల్లు. రిస్కు మోయగలిగినవాళ్లే మోయాలి అన్నది ఏ వ్యాపారంలోనైనా ఉన్న మాటే, ఇక్కడ దాన్ని తలకిందులు చేశారు.

మరి ఆ నాలుగో పేజీలో ఏం ఉండాలి? నన్నడిగితే మొదటి రెండు వారాలు ఉండాలి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన 30 వేల మందికి పైగా మనుషుల వివరాలు చూసిన అధ్యయనం ఒకటి 2007లో వచ్చింది. గేటు దాటిన మొదటి రెండు వారాల్లో వాళ్లు చనిపోయే ప్రమాదం బయటి జనంతో పోలిస్తే 12 రెట్లకు పైనే. అన్నిటికన్నా ఎక్కువగా చంపింది డ్రగ్స్ ఓవర్‌డోస్. లోపల ఉన్నన్నాళ్లూ అలవాటు తప్పిన ఒళ్లు పాత మోతాదును తట్టుకోలేదు. న్యూయార్క్‌లోనే విడుదలైనవాళ్లకు వెంటనే తాత్కాలిక పని ఇచ్చే కార్యక్రమం ఒకటుంది. దాన్ని మూడేళ్లు గమనిస్తే, విడుదలైన మూడు నెలల్లోపు వచ్చి చేరినవాళ్లలోనే మళ్లీ శిక్షలు పడటం బాగా తగ్గిందని తేలింది. ఇంకో విచిత్రం కూడా బయటపడింది. ఉద్యోగాల్లో కనబడ్డ తేడా ఏడాది తిరిగేసరికి చెరిగిపోయింది, నేరాలు మాత్రం తగ్గాయి. అంటే ఉద్యోగం గడి ఒక్కటే చూసినవాడికి ఆ కార్యక్రమం దండగ అనిపించేది!

కాబట్టి మీరు అడగాల్సిన గడులు వేరు. విడుదల రోజున గేటు దగ్గర మన మనిషి ఉన్నాడా? ఆ రాత్రి పడుకోవడానికి చోటు దొరికిందా? గుర్తింపు కాగితాలు ఎన్ని వారాల్లో చేతికొచ్చాయి? మందులు వాడే మనిషైతే మధ్యలో ఆగకుండా అందాయా? మూడో నెలలో కూడా మన ఫోను ఎత్తుతున్నాడా? ఇవన్నీ మీ చేతిలో ఉన్నవి, లెక్కకు దొరికేవి, నలభై మందితో కూడా అర్థముండేవి. కొత్తగా నేను కల్పించినవీ కావు. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 108వది ఇంచుమించు ఇదే జాబితా. గుర్తింపు పత్రాలు, ఉండటానికి ఇల్లు, పని, ఆ రుతువుకు తగిన బట్టలు, ఇంటికి చేరడానికీ మొదటి కొన్నాళ్లు గడవడానికీ సరిపడా డబ్బు. బట్టలు రుతువుకు తగ్గట్టు ఉండాలని కూడా రాశారంటే, ఆ గేటు దగ్గర ఎవరో నిలబడి చూసి రాసినట్టుంది. సమావేశానికి ఆ పేజీ ప్రింటు తీసి పట్టుకెళ్లండి. మన జాబితా అంటే కొట్టిపారేస్తారు, దానికి మాత్రం కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు.

కొన్ని సంగతులకు డబ్బు కూడా అక్కర్లేదని అధికారులకు గుర్తుచేయండి. శుక్రవారం సాయంత్రం విడుదలైతే శని, ఆదివారాలు ఏ ఆఫీసూ తెరిచి ఉండదు. ఇల్లు లేదు, మందు చీటీ లేదు, చేతిలో ఉన్న డబ్బు ఆ రెండు రోజుల్లోనే అయిపోతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో దీనికోసమే 2023లో ఒక చట్టం చేశారు. సాయం అవసరమైనవాళ్ల విడుదల తేదీ వారాంతం ముందు పడితే ఒకటి రెండు రోజుల ముందే వదిలేయొచ్చు.

ఇక బేరం సంగతి. సగం సగం ఒప్పుకోవద్దు. పదిలో తొమ్మిది వంతులు పనికి, ఒక వంతు ఫలితానికి అనండి, మహా అయితే ఎనిమిది రెండు దగ్గర ఆగండి. విడత డబ్బు పని మొదలవక ముందు రావాలి, బిల్లు పెట్టాక కాదు. సర్కారు బిల్లు పాసయ్యేలోపు మీ ఇద్దరి జీతాలకు అప్పు చేయాల్సి వస్తే ఆ వడ్డీ ఎవరూ ఇవ్వరు. అద్దె, కరెంటు, ఆడిటరు ఫీజు కూడా ఖర్చేనని రాయించండి. "పరిపాలనా ఖర్చులు అనుమతించబడవు" అని రాసినవాళ్లు కరెంటు బిల్లు ఎవరు కడతారనుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మీ దగ్గరికి వచ్చినవాళ్లు మీతో చెప్పుకున్నది పోలీసులకు చేరదని ఒక వాక్యం ఉండి తీరాలి. ప్రాణాపాయం ఉన్నప్పుడు తప్ప. ఆ వాక్యం లేదని తెలిసిన రోజున మీ దగ్గర ఎవరూ నోరు విప్పరు. చందాలు మాత్రం ఆపకండి. ఏ గడిలోనూ పట్టని మనిషి ఒకరు ఎప్పుడూ వస్తారు, ఆయన మంచానికి ఆ డబ్బు కావాలి.

డబ్బొస్తే వాలంటీర్లు తప్పుకుంటారేమోనని మీ పెద్దాయన అనుకుంటున్నట్టుంది. జపాన్‌లో విడుదలైనవాళ్లను కనిపెట్టుకుని ఉండే హొగోషీలనే వాలంటీర్లు నలభై వేల మందికి పైగా ఉన్నారు. ప్రభుత్వమే నియమిస్తుంది, జీతం లేదు, ఖర్చులు మాత్రం ఇస్తారు. దశాబ్దాలుగా నడుస్తోంది. అయితే వాళ్ల సగటు వయసు ఇప్పుడు అరవై దాటింది, కొత్తవాళ్లు దొరకడం కష్టమైపోయింది. కాబట్టి సర్కారు చేయి తగిలితే సేవాభావం పోతుందన్నదీ నిజం కాదు, సేవాభావం ఉంటే చాలన్నదీ నిజం కాదు.

బావగారి దగ్గరికొద్దాం. చాలామంది ఇక్కడ లాభం లెక్క చెబుతారు. జైల్లో చదువు మీద పెట్టే ప్రతి డాలరుకు, మూడేళ్లలో మళ్లీ జైలు ఖర్చు 4 నుంచి 5 డాలర్లు మిగులుతుందని అమెరికాలోని రాండ్ పరిశోధన సంస్థ 2013లో అంచనా వేసింది. చెప్పండి, తప్పులేదు. కానీ అతిగా వాడకండి. పదిమంది తిరిగి రానంత మాత్రాన జైలు గోడ చిన్నదవదు, కాపలావాళ్ల జీతం తగ్గదు. ఆ మిగులు చేతికి రావాలంటే వందలమంది తగ్గాలి, ఒక బ్లాకు మూతపడాలి. మీ బావగారు లెక్కలు తెలిసిన మనిషైతే ఈ మాటే అడిగి మిమ్మల్ని ఇరుకున పెడతారు. నేనైతే ఇలా అడుగుతాను. బావగారూ, శిక్ష అయిపోయింది, రేపు పొద్దున అతను బయటికి వస్తాడు, మీరు డబ్బిచ్చినా వస్తాడు, ఇవ్వకపోయినా వస్తాడు. రేపు రాత్రి అతను ఎక్కడ పడుకుంటే మీకు నయం? ఆయన కోపంలో న్యాయమున్న ముక్క కూడా ఒకటుంది, ఒప్పేసుకోండి. దొంగ పడ్డ ఇంటివాళ్ల గోడు వినడానికి చాలాచోట్ల ఎవరూ ఉండరు. దానికీ ప్రజల డబ్బు కావాలి. అందుకు ఆయన సంతకాల సేకరణ మొదలుపెడితే మొదటి సంతకం మీరే పెట్టండి.

పెద్దాయనతో వాదించకండి. కొత్త నాలుగో పేజీ ముసాయిదా రాయమని ఆయనకే ఇవ్వండి. విడుదలైన మొదటి వారం ఎలా ఉంటుందో మీ కమిటీలో తెలిసింది ఆయనొక్కరికే. ఆయన రాసిన గడులు అధికారులు ఒప్పుకుంటే ఆయన కూడా ఒప్పుకుంటారని నా నమ్మకం. ఒప్పుకోకపోతే ఆ కాంట్రాక్టు మీకెలాగూ వద్దు.

అన్నట్టు, ఇంటి ఓనరు సంగతి. కాంట్రాక్టు వస్తుందని ఆయనకు ముందే చెప్పకండి, అద్దె పెంచుతాడు. ఒక నెల బాకీ ఈ వారంలో ఎలాగైనా కట్టేసి, రెండో నెలకు గడువు కాగితం మీద రాయించుకోండి. సర్కారువాళ్లు చూడటానికి వచ్చే రోజుకు ఆ ఆరు మంచాలూ అక్కడే ఉండాలి.